గుఱ్ఱము విడిచిపోయిన గుర్తులు

లండను నగరమున పాల్ మాల్ వీథి వాటర్లూ ప్లేసుతో కలియు చోట, ఎథీనియం క్లబ్బు వాకిటి కెదురుగా, కాలిదారి అంచున మెట్టువలె అమర్చిన పొట్టి రాతిదిమ్మె యొకటి కలదు. ఆ దారిన పోవువారిలో కొందఱు దానిపై కాలుమోపి బూటుతాడు బిగించుకొందురు; పెక్కుమంది దానిని చూడకయే సాగిపోదురు. 1830 వ సంవత్సరమున వెల్లింగ్టన్ ప్రభువు కోరికపై దానిని నిలిపిరని దానియందలి శాసనము తెలుపుచున్నది. వాటర్లూ రణభూమిలో నెపోలియనును జయించిన ఆ సేనాని అప్పటికి 60 ఏండ్ల ప్రాయమువాడు, ఇంగ్లండునకు ప్రధానమంత్రి. నేలనుండి రికాబుపై కాలుంచి ఒక్క ఊపున జీనెక్కుట యౌవనమున వలె సుకరము గాని వయస్సది. అంతకు 27 ఏండ్లకు పూర్వము, 1803 లో, మన దక్కను నేలపై అస్సయీ యుద్ధమున, తా నెక్కిన గుఱ్ఱములు రెండు వరుసగా దెబ్బతినగా మఱియొకదానిపైకి మారి సేనను నడపిన ఆర్థర్ వెల్లెస్లీ ఈయనయే. అట్టి రౌతునకు సైతము కాలము ఒక మెట్టును అవసరము చేసినది. ఆ మెట్టునకు జతగా వీథికి ఆవలి వైపునను మఱియొకటి కలదు.

ఈ రాయి నేడెవరికిని పనికిరాదు. అయినను దాని ఎత్తును నిర్ణయించినది మనుష్యుని మోకాలును గుఱ్ఱపు వీపునే గాని శిల్పి యభిరుచి గాదు. ఇంకను తఱచి చూచినచో, ఆ నగరమున వీథుల వెడల్పు, మలుపుల వంపు, ఎత్తుపల్లముల సవరణ, గొప్పయిండ్ల వెనుక సందుల లోతు, ఇవి యన్నియు ఒక మూగజంతువు శరీరమును కొలబద్దగా గైకొని యేర్పడినవని తెలియును. ఆ జంతువు వీథినుండి తొలగిపోయి నూఱేండ్లు దాటినను, ఆ కొలతలు మాత్రము రాతియందును, ఇనుమునందును, కొయ్యయందును, చట్టమునందును నిలిచియే యున్నవి.

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దమున లండనులో సుమారు 3,00,000 గుఱ్ఱములు పనిచేయుచుండెనని అంచనా. 1829 జులై 4 వ తేదీన జార్జి షిల్లిబీర్ అనువాడు పాడింగ్‌టన్ నుండి బ్యాంకు వఱకు మూడు గుఱ్ఱములను పూన్చి తొలి ఆమ్నిబస్సును నడపెను. శతాబ్ది ముగియు నాటికి అట్టి బస్సులు వేలకు చేరెను. ఒక జత గుఱ్ఱములు మూడు నాలుగు గంటలకు మించి ఆ భారమును లాగజాలవు గనుక, ఒక్క బస్సు దినమంతయు తిరుగవలెనన్నచో పండ్రెండు గుఱ్ఱములను వంతులవారిగా మార్చవలసి వచ్చెడిది. ఇక హాన్సమ్ క్యాబులు, నాలుగు చక్రముల బాడుగబండ్లు, బొగ్గుబండ్లు, పాలబండ్లు, సారాయి పీపాల బండ్లు, రైల్వే కంపెనీల సరకుబండ్లు, శవవాహనములు, అగ్నిమాపక యంత్రములు, వీనిలో గుఱ్ఱము లేక కదలున దేదియును లేకుండెను. డబ్ల్యూ. జె. గార్డన్ అను రచయిత 1893 లో ‘ది హార్స్ వరల్డ్ ఆఫ్ లండన్’ అను గ్రంథమును ప్రత్యేకముగా ఈ విషయముపైననే వ్రాసెనన్నచో ఆ లోకమెంత విశాలమో ఊహింపవచ్చును. ఒక్కొక్క గుఱ్ఱము దినమునకు 10 కిలోల లద్దె వేయునని తక్కువగా లెక్కించినను, నగరవీథులలో నిత్యము 3,000 టన్నులు పేరుకొనవలెను. బాటసారికి దారి ఊడ్చి ఒక పెన్నీ యాచించు పేదబాలురు ప్రతి కూడలియందును చీపుళ్లతో నిలుచుట ఇందువలననే. ఆ బాలురు నేడు లేరు. కాని పాతయిండ్ల గడపల ప్రక్క, బూటు అడుగున అంటిన మురికిని గీచుకొనుటకై నాటిన ఇనుపరేకులు నేటికిని వేలకొలదిగ కానవచ్చును.

ఇట్టి అవశేషములను చూచునపుడు ప్రతిదానిని ఒక ప్రశ్న యడుగవలెనని నాకు తోచును: ఇది యెవరి కొఱకు కట్టినది? బండిలో కూర్చున్న వాని కొఱకా, బండి తోలిన వాని కొఱకా, లేక బండిని లాగిన దాని కొఱకా? ఈ ప్రశ్న చేతబట్టుకొని ఆ వీథులలో తిరిగినవానికి, తొలివర్గమునకు చెందినవి విస్తారముగాను, రెండవవి కొలదిగాను, మూడవవి మఱి యాలస్యముగాను పుట్టినవని తెలియగలదు. నగరచరిత్రలో ఇంతకంటె ముఖ్యమైన పాఠము నాకు మఱియొకటి ఈ రాళ్లవద్ద దొరకలేదు.

తొలివర్గములో మ్యూస్ అను పేర పిలువబడు సందులు మొదట చెప్పదగినవి. బెల్‌గ్రేవియా, కెన్సింగ్టన్, మేఫేర్ ప్రాంతములలో తెల్లని స్తంభములతో ధగధగలాడు సౌధపంక్తికి వెనుక తప్పక ఒక ఇఱుకుసందు ఉండును. అచ్చట క్రిందిభాగమున బండిసాలయు గుఱ్ఱపుసాలయు, మీద అటకపై ఎండుగడ్డియు, దానిప్రక్క ఒకటి రెండు చిన్నగదులలో బండితోలువాని కుటుంబమును ఉండెడివి. గుఱ్ఱపు వాసన సౌధమునకు సోకరాదు, సేవకుని పిల్లల యేడుపు దొరసానికి వినబడరాదు, కాని గంట మ్రోగినంతనే బండి ముందు వాకిటికి రావలెను. ఆ సందుల దూరము, దిశ, ద్వారము ఈ మూడు నియమములకు లోబడి యేర్పడినవి. ఇప్పుడా గుఱ్ఱపుసాలలు నగరమునందలి మిక్కిలి వెలగల నివాసములలో చేరినవి. వెడల్పైన కొయ్య తలుపులు, మీది యంతస్తున గడ్డిమోపులను పైకి లాగుటకు పెట్టిన దూలములు, మధ్య కాలువ గలిగి వాలుగా పఱచిన నేల, వీనిని కొందఱు యజమానులు ప్రేమతో కాపాడుచున్నారు.

రాజుగారి గుఱ్ఱపుసాల మాత్రము గుఱ్ఱపుసాలగనే యున్నది. జాన్ నాష్ రచించిన రాయల్ మ్యూస్ 1825 లో పూర్తియై బకింగ్‌హామ్ ప్రాసాదము ప్రక్క నేటికిని తన పూర్వవృత్తినే అవలంబించియున్నది. 1762 లో మూడవ జార్జి కొఱకు చేసిన బంగారు రథము అచ్చటనే కలదు. దాని బరువు సుమారు నాలుగు టన్నులు, దానిని లాగుటకు ఎనిమిది గుఱ్ఱములు కావలెను, అదియును నడకతో మాత్రమే. నాలుగవ విలియము మొదలు ప్రతి పట్టాభిషేకమునందును దానిని వాడుచున్నారు. మన హైదరాబాదులో చౌమహల్లా ప్రాసాదమున నిజాముల బగ్గీలు ఇట్లే మెఱుగుతఱుగక నిలిచియున్నవి. ప్రభువుల వాహనములకు అన్ని దేశములయందును కావలివా రుందురు.

ప్రజల ప్రయాణములకు సంబంధించిన సత్రములలో థేమ్సు నదికి దక్షిణమున సదర్క్ లోని జార్జి ఇన్ ఒక్కటియే పూర్వపు కొయ్యవసారాలతో మిగిలినది. 1676 నాటి అగ్నిప్రమాదము పిమ్మట మరుసటి యేట తిరిగి కట్టిన ఆ సత్రపు ముంగిటికి కెంట్ సీమనుండి దూరప్రయాణపు బండ్లు వచ్చి ఆగెడివి. రైలు వచ్చిన వెనుక దాని బాడుగ పోయినది. ఆ స్థలమును కొన్న రైల్వేవారే దానిలో రెండు పార్శ్వములను పడగొట్టిరి. మిగిలిన భాగము 1937 నుండి నేషనల్ ట్రస్టు అధీనమున నున్నది. రైలు గుఱ్ఱమును తొలగించినదని మనము సులువుగా అనుకొందుము గాని, వాస్తవము వేఱు. స్టేషనునకు చేరిన సరకును ఇంటింటికి చేర్చుటకు రైల్వే కంపెనీలకే వందలకొలది గుఱ్ఱములు కావలసివచ్చెను. కామ్‌డెన్‌లో నేడు యువజనులు క్రిక్కిఱియు సంత ఆ గుఱ్ఱముల సాలలలోనే జరుగుచున్నది. వానిని పట్టాలు దాటింపక నడిపించుటకై త్రవ్విన సొరంగములు దాని అడుగున గలవు. పాడింగ్‌టన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వేవారు 1870 ల చివర కట్టిన అంతస్తుల గుఱ్ఱపుసాల నేడు సెయింట్ మేరీ ఆసుపత్రిలో ఒక భాగము. మెట్లు ఎక్కలేని జంతువులను పై యంతస్తులకు చేర్చుటకై కట్టిన ఏటవాలు బాటను అచ్చట ఇప్పటికిని చూడవచ్చును.

ఇక కాళ్లక్రింది నేల. తారు పఱవని పాతసందులలో, నల్లని గ్రానైటురాళ్లను ఇటుకలంత ముక్కలుగా చెక్కి వరుసలు తీర్చి పాతిన నేల కనబడును. ఆ రాళ్లు పెద్దపలకలుగా ఏల లేవనగా, పెద్దపలకపై లాడము జాఱును. చిన్నరాళ్ల నడిమి సందులలో గిట్ట అంచు నిలదొక్కుకొనును. కాని గిట్టకు మేలైన గరుకుదనము చక్రమునకు కీడు. అందుచే కొన్ని యెడల రెండు చక్రములు పోవు జాడలలో మాత్రము నున్నని పొడవైన పలకలను పఱచి, మధ్య గుఱ్ఱము నడచు చోట గరుకురాళ్లను ఉంచిరి. ఓడరేవులనుండి బరువుబండ్లు వచ్చు కమర్షియల్ రోడ్డులో 1830 ప్రాంతమున ఇట్టి రాతిబాటను మైళ్లకొలది వేసిరి. ఇప్పటికిని కొన్ని మ్యూస్ ద్వారములవద్దను, పాత గిడ్డంగుల ముంగిళ్లలోను ఈ జంటపలకలు కానవచ్చును. గిట్టకును చక్రమునకును జరిగిన ఒడంబడిక అది.

రాతిపై ఇనుపలాడములును ఇనుపకమ్ములును చేయు రొద దుర్భరము. ఒక యింట ఎవరైన జబ్బుతో మంచము పట్టినచో ఆ యింటి ముందటి వీథిలో గడ్డి పఱపించి చప్పుడణచుట ఆ కాలపు ఆచారము. ఆ గడ్డి కొట్టుకొనిపోయినది. కాని అదే కోరికతో, ఆసుపత్రులు, న్యాయస్థానములు, దేవాలయములు ఉన్న వీథులలో కొయ్యదిమ్మెలను నిలువుగా పాతి బాటలు వేసిరి. అవి చప్పుడును మ్రింగెడివి, దానితోపాటు గుఱ్ఱపు మూత్రమును పీల్చి వేసవిలో కన్నులు మండునట్టి ఘాటు వెలార్చెడివి, వానలో జాఱెడివి. నగరమంతటను వ్యాపించిన ఆ కొయ్యబాటలలో ఇస్లింగ్టన్ ప్రాంతమునందలి చెకర్ స్ట్రీటున ఒక చిన్నముక్క మిగిలినది. దానిపై నడచునపుడు పాదమునకు తగులు మెత్తదనమును రాతిబాట యెన్నటికిని ఈయజాలదు.

నగరపు ఎత్తుపల్లములు సైతము గుఱ్ఱము కొఱకు మారినవి. ఫ్లీట్ అను చిన్నయేఱు పూర్వము పాఱిన లోయకు రెండువైపుల హోల్‌బోర్న్, స్నో హిల్ అను నిటారు వాలులుండెను. వానలోను, మంచులోను, బరువుబండ్లకు పూన్చిన గుఱ్ఱములు ఆ వాలున మోకాళ్లపై కూలుట నిత్యకృత్యముగా నుండెను. సాయపు గుఱ్ఱమును ముందు కట్టినగాని పెద్దబండ్లు పైకి చేరకుండెను. ఆ లోయను దాటుటకై కట్టిన హోల్‌బోర్న్ వంతెనను 1869 నవంబరు 6 వ తేదీన విక్టోరియా రాణి ప్రారంభించెను. నేడు బస్సులో దానిపై పోవువానికి తాను వంతెనపై నున్నట్లే తోచదు. వాలులేకపోవుటయే అచ్చటి అవశేషము.

ఆ వంతెన ప్రక్కననే, సెయింట్ సెపల్కర్ దేవాలయపు ప్రాకారమున, ఈ చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైన వస్తువు కలదు. అది ఒక చిన్న నీటిపంపు. దానికి గొలుసులతో కట్టిన రెండు లోహపు గిన్నెలు. 1859 ఏప్రిల్ 21 వ తేదీన, లండనులో ఎవరైనను కానియీయక నీరు త్రాగుటకై ధర్మార్థము స్థాపించిన తొలి జలస్థానమది. 1854 లో బ్రాడ్ స్ట్రీటు పంపునీటి మూలముననే కలరా వ్యాపించినదని డాక్టరు జాన్ స్నో వాదించి, ఆ పంపు పిడిని తీయించి అయిదేండ్లు మాత్రమే అయినది. శుద్ధజలము పేదలకు దుర్లభము. దప్పిగొన్నవానికి సారాయి దుకాణమే శరణ్యము. క్వేకరు కుటుంబమున పుట్టి, చెఱసాలలలోని స్త్రీల దుఃస్థితికై పాటుపడిన ఎలిజబెత్ ఫ్రైకి సోదరుని కుమారుడైన శామ్యూల్ గర్నీ అను పార్లమెంటు సభ్యుడు, ఎడ్వర్డ్ థామస్ వేక్‌ఫీల్డ్ అను న్యాయవాదితో కలిసి ఉచిత జలస్థానముల సంఘమును స్థాపించి ఈ పంపును పెట్టించెను. త్వరలోనే దినమునకు 7,000 మంది దానివద్ద నీరు త్రాగిరని చెప్పుదురు. మన దేశమున ఎండకాలపు చలివేంద్రము ఎంత ప్రాచీనమో యెఱిగిన తెలుగువాని హృదయమునకు ఈ వార్త వెంటనే హత్తుకొనును. వంతెన కట్టునపుడు 1867 లో ఆ పంపును తొలగించి, 1913 లో తిరిగి ప్రాకారమున చేర్చిరి.

అయితే వీథిలో దప్పిగొన్నది మనుష్యుడొక్కడే కాడు. బరువు లాగు గుఱ్ఱము దినమునకు 30, 40 లీటర్ల నీరు త్రాగును. ఆ నీరు సారాయి దుకాణముల ముందు తొట్లలో మాత్రమే లభించెడిది. దుకాణదారుడు తోలువానికి ఒక గ్లాసు బీరు అమ్మినగాని, లేక కొంత డబ్బు పుచ్చుకొన్నగాని గుఱ్ఱమును తొట్టి చేరనిచ్చెడివాడు గాడు. అనగా గుఱ్ఱపు దప్పిక తోలువానిని త్రాగుబోతును చేయు సాధనమయ్యెను. ఇది గ్రహించి ఆ సంఘమువారు 1867 లో తమ పేరున పశువుల తొట్లను గూడ చేర్చుకొని, మెట్రోపాలిటన్ డ్రింకింగ్ ఫౌంటెన్ అండ్ క్యాటిల్ ట్రఫ్ అసోసియేషన్ అను దీర్ఘనామమును వహించిరి. నేడు లండను వీథులలో మూలమూలల కనబడు పొడవైన గ్రానైటు తొట్లపై చెక్కియున్నది ఆ పేరే.

ఆ తొట్టి నిర్మాణమును కొంత నిలిచి చూడుట మంచిది. గుఱ్ఱము మెడవంచి హాయిగా మూతి యానించునంతటి ఎత్తున, ఒకేసారి నాలుగైదు జంతువులు వరుసగా నిలువగలంత పొడవున, బండిచక్రము ఒరసికొన్నను కదలనంతటి బరువుతో, ఒకటి రెండు పెద్ద గ్రానైటు దిమ్మెలను తొలిచి దానిని చేసిరి. మొదట ఇనుముతోను, కొయ్యతోను చేసిన తొట్లు బండ్ల తాకిడికి నిలువకపోగా వారు ఈ రాతిని ఎన్నుకొనిరి. ఒక కొనయందు మనుష్యులకై చిన్న జలధార. అడుగున, నేలకు ఆనియున్నట్లు, కుక్కలకును గొఱ్ఱెలకును మఱియొక పల్లపుతొట్టి. ఏ ప్రాణి ఏ ఎత్తున తల వంచునో కనిపెట్టి, ఒక్క నిర్మాణమున మూడు ఎత్తులను కూర్చిన ఆ శిల్పి పేరు మనకు అక్కఱలేదు గాని, అతని కన్ను గొప్పది. తొట్టి పార్శ్వమున దాత పేరు, దివంగతుల స్మృతి, మూగజీవులపై దయ గలిగియుండుడను హితవు, ఏదో యొకటి చెక్కియుండును. ఎత్తు వాలులు ముగియు చోట్లను, బాడుగబండ్ల నిలయములవద్దను, 1855 లో ఇస్లింగ్టన్‌లో తెఱచిన పశువుల సంతకు పోవు మార్గములందును వీనిని ఉంచిరి. వాని స్థానములను ఒక పటముపై గుర్తించినచో, నగరమున గుఱ్ఱము ఎక్కడెక్కడ అలసినదో ఆ పటము చెప్పును.

ఇప్పుడా తొట్లలో చాలవఱకు మట్టి నింపి పూలమొక్కలు నాటినారు. పగులగొట్టి పాఱవేయుటకంటె ఇది మేలే. పూలును అందముగనే యున్నవి. అయినను, హైడ్ పార్కు సమీపమునుండి అంగరక్షకదళపు గుఱ్ఱములు ప్రతి ఉదయమును కావలి మార్చుటకై బారులుదీరి పోవుట చూచినపుడు, ఆ తొట్లలో కొన్నిటికైనను మరల నీటిధార కలిపినచో ఎంత బాగుండునని మనసు కొట్టుకొనును. నీరు లేని తొట్టి తన దాత మాటను చెల్లింపలేకున్నది.

మన తెలుగు పట్టణములలో జట్కాకు ఇట్టి రాతిగుర్తులు అంతగా మిగులలేదు. బెజవాడ, రాజమహేంద్రవరము, గుంటూరు, నెల్లూరు, ఏ ఊర రైలు దిగినను స్టేషను వాకిట బారులుదీరిన జట్కాలే ప్రయాణికుని ఎదుర్కొనిన కాలము మన తల్లిదండ్రుల జ్ఞాపకమునందే కలదు. గూడుకప్పు క్రింద ఎండుగడ్డి పఱచి గోనె కప్పిన ఆసనము, వెనుక బరువెక్కువైనచో నొగలు పైకి లేచునని “కొంచెము ముందుకు జరుగుడు బాబూ” అను తోలువాని మాట, చక్రపు ఆకుల నడుమ చర్నాకోల కొయ్యను పెట్టి టకటక చప్పుడు చేయుచు దారి తొలగుడని చేయు హెచ్చరిక, రాత్రివేళ అడుగున వ్రేలాడు లాంతరు, సాయంకాలమున ఉలవగుగ్గిళ్ల వాసన, ఇవి యొకప్పుడు పట్టణమునకు ప్రాణము. ఆ తట్టు గుఱ్ఱము బావివద్ద బాల్చీలో నీరు త్రాగినది, చెట్టునీడను నిలిచినది. చెట్టును, బావియును రోడ్డు వెడల్పునకు బలియైనవి. ప్రభువుల బగ్గీకి ప్రాసాదము దొరకినది గాని, వేలమందిని మోసిన జట్కాకు ఒక రాతిపలకయైనను దొరకలేదు. స్టేషను ముందట జట్కాల అడ్డ యుండిన స్థలములో ఒక్కదానినైనను గుర్తించి అచ్చట రెండు వాక్యములు చెక్కించుట మన పురపాలకసంఘములకు అసాధ్యమైన పని గాదు.

లండనులో బండి తోలువానికి దొరకిన ఆశ్రయము గూర్చి చెప్పవలసియున్నది. ఆ తోలువాని బ్రదుకు కఠినము. హాన్సమ్ క్యాబున, అనగా జోసెఫ్ హాన్సమ్ అను వాస్తుశిల్పి 1834 లో పేటెంటు పొందిన రెండుచక్రముల బండిలో, తోలువాడు ప్రయాణికుల వెనుక ఎత్తైన పీఠముపై, ఏ కప్పును లేక, వానకును మంచునకును ఎదురొడ్డి కూర్చుండవలెను. నిలయమున బండిని విడిచి పోరాదని నియమము. చలికి తాళలేక పానశాల చొచ్చినచో బండిని కనిపెట్టుటకు ఒక కుఱ్ఱనికి కూలి ఈయవలెను, లోపల త్రాగుటకు ఖర్చు పెట్టవలెను. దినమంతయు ఆర్జించినది ఆ విధముగ కరగిపోయెడిది. ఒక మంచుతుపానునాడు ‘గ్లోబ్’ పత్రికా సంపాదకుడైన కెప్టెన్ జార్జి ఆర్మ్‌స్ట్రాంగు బండికై సేవకుని పంపగా, నిలయమున బండ్లున్నను తోలువారందఱు పానశాలలో చేరియుండిరట. ఆ అనుభవము వలన ఆయన కోపింపలేదు, ఆలోచించెను. షాఫ్ట్స్‌బరీ ప్రభువు మొదలగు దాతల తోడ్పాటుతో 1875 లో బండివారి ఆశ్రయనిధి వెలసి, సెయింట్ జాన్స్ వుడ్ ప్రాంతమున అకేషియా రోడ్డులో తొలి ఆశ్రయము లేచెను.

ఆ ఆశ్రయములు పచ్చరంగు పూసిన కొయ్యకుటీరములు. అవి రాజమార్గముపైననే నిలువవలసినవి గనుక, ఒక గుఱ్ఱమును దాని బండియు ఆక్రమించు స్థలమునకు మించరాదని పోలీసువారు నియమించిరి. ఆ కుటీరపు నిడివియందు మాయమైన గుఱ్ఱమును, మాయమైన బండియును నేటికిని కొలువబడియున్నవి. లోపల ఒక చిన్న వంటపొయ్యి. మూడు గోడల వెంబడి బల్లలు. పదిమంది మోకాళ్లు తగులునట్లు కూర్చుండి వేడివేడి భోజనము చౌకధరకు తినవచ్చును, పత్రిక చదువుకొనవచ్చును. మద్యము, జూదము, రాజకీయ వాగ్వాదము నిషిద్ధములు. వెలుపల గుఱ్ఱమును కట్టివేయుటకు కమ్మీ. 1914 లోపల ఇట్టివి 61 లేవగా నేడు 13 మాత్రమే మిగిలినవి. అన్నియు చట్టరక్షణ పొందిన కట్టడములు. రస్సెల్ స్క్వేరు, టెంపుల్ ప్లేసు, వారిక్ ఎవెన్యూ మొదలగు చోట్ల వానిని చూడవచ్చును. గవాక్షమునుండి ఎవరైనను తేనీరు కొనుక్కొనవచ్చును గాని, లోపల కూర్చుండు హక్కు మాత్రము టాక్సీ తోలువారిదే. దాతృత్వముచే పుట్టిన వస్తువు దాని నిజమైన వారసుల చేతిలోనే యుండుట నగరములలో అరుదు.

గుఱ్ఱపు పక్షమున ఇదే దశాబ్దిలో గొప్పసేవ చేసినది ఒక నవల. బాల్యమున కాళ్లకు దెబ్బ తగిలి జీవితాంతము బండిపైననే ఆధారపడిన అన్నా సివెల్ 1877 లో ‘బ్లాక్ బ్యూటీ’ని ప్రకటించి, మరుసటి యేట మరణించెను. గుఱ్ఱము నోట చెప్పించిన ఆ కథలో లండను క్యాబులకు పూన్చిన జంతువుల వేదనయు, అందముకొఱకు మెడను పైకి లాగి బిగించు పగ్గపు క్రౌర్యమును ఎందఱో గృహిణులకును, పిల్లలకును, తోలువారికిని తెలిసెను.

యంత్రము వచ్చిన వేగము ఆశ్చర్యకరమైనది. జనరల్ ఆమ్నిబస్ కంపెనీవారి చివరి గుఱ్ఱపుబస్సు 1911 అక్టోబరు 25 వ తేదీన నిలిచిపోయెను. నగరమున మిగిలిన తుదిబస్సు 1914 ఆగస్టులో ఆగెను. అదే మాసమున ప్రపంచయుద్ధము ఆరంభమై, పండ్రెండు దినములలో సైన్యము దేశమంతటను లక్షకు పైగా గుఱ్ఱములను స్వాధీనము చేసికొనెను. నిన్నటివఱకు పాలబండి లాగినది, బొగ్గుబండి లాగినది, ఫ్రాన్సు బురదలో ఫిరంగికి పూనబడినది. తిరిగి వచ్చినవి అత్యల్పము. పిమ్మట గుఱ్ఱపు క్యాబులు ఒకటొకటిగా తగ్గి, చివరి లైసెన్సు 1947 లో ముగిసెను. వాండ్స్‌వర్తులోని యంగ్స్ సారాయి కర్మాగారమువారు మాత్రము పరిసర దుకాణములకు గుఱ్ఱపుబండ్లపైననే పీపాలు చేర్చు పద్ధతిని 2006 లో ఆ కర్మాగారము మూతపడువఱకు విడువలేదు.

రాతికంటెను గట్టిది నియమము. నేటి లండను నల్ల టాక్సీకి చట్టమునందలి పేరు ఇప్పటికిని పూర్వపు బాడుగబండి పేరైన హాక్నీ కారేజియే. 1634 లో కెప్టెన్ బెయిలీ అనువాడు స్ట్రాండు వీథిలో నాలుగు బండ్లతో తొలి నిలయము నేర్పఱచిన నాటినుండి ఆ వృత్తి తెగలేదు. మోటారు టాక్సీలకు 1906 లో చేసిన నిబంధనలలో, 25 అడుగుల వలయమున బండి వెనుదిరుగగలిగి యుండవలెనని యొకటి కలదు. గుఱ్ఱపుబండ్లకు అలవాటైన ఇఱుకు వీథులలో మోటారు సైతము మసలవలెను గదా. తోలువానికి పెట్టు ‘నాలెడ్జి’ అను పరీక్ష 1865 నాటిది, అనగా పశువుల తొట్లకంటె రెండేండ్లు పెద్దది. చేరింగ్ క్రాసుకు ఆఱుమైళ్ల లోపలి 25,000 వీథులను, 320 మార్గములను కంఠస్థము చేసినగాని నేటికిని ఆ లైసెన్సు దొరకదు. దానికై మూడు నాలుగేండ్లు శ్రమపడువారు కలరు. చిన్న మోటారుసైకిలు ముందు పటము కట్టుకొని, వానలో తడియుచు, మ్యూస్ సందుల చొచ్చుచు వెడలుచు, ఏ వీథి యే వీథిలో కలియునో నోట వల్లించుకొనుచు ఆ అభ్యర్థులు నగరమంతటను తిరుగుచుందురు.